అరకు వెళ్తున్నారా?

కార్తీకమాసం వచ్చిందంటే మా ఆస్పత్రి ఓ.పి.లో కొత్తరకం పేషెంట్లు కనిపిస్తారు. వాళ్ళకి జబ్బేమీ వుండదు. చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, వంతు రాగానే కుర్చీలో కూర్చుని, "పిల్లలతో అరకు వెళ్తున్నామండీ, ఏవైనా మందులు రాసిస్తారా?" అని అడుగుతారు.

ఒకప్పుడు నవ్వి, "మందులెందుకు? స్వెట్టర్లు పట్టుకెళ్ళండి" అని పంపించేసేవాణ్ణి. ఇప్పుడు అలా పంపించను. ఎందుకో తర్వాత చెబుతాను.

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల మధ్య, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున వున్న లోయ ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో వుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మన్యంలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడేళ్ళు పనిచేశాను. పోస్టింగు ఆర్డరు చూసి మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూడేళ్ళయి బదిలీ వచ్చినప్పుడు ఆ పని నేను చేశాను.

వెళ్ళేటప్పుడు రైల్లో వెళ్ళండి. వచ్చేటప్పుడు కావాలంటే కారులో రండి. విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో వేసిన దారి అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు. ఎన్నిసార్లు వెళ్ళినా ఆ కేకలు వినడం నాకు సరదాయే. 2017 నుంచి పైకప్పుకీ పక్కలకీ అద్దాలున్న పెట్టెను కూడా తగిలిస్తున్నారు. దారిలో శిమిలిగుడ అని చిన్న స్టేషను వస్తుంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదని దానికి పేరు. కాశ్మీరులో రైలుమార్గం వచ్చాక ఆ పేరు పోయింది గాని, చలి మాత్రం పోలేదు.

రైలు ఎందుకంటున్నానంటే, ఘాట్ రోడ్డు మలుపుల్లో సగంమంది పిల్లలు వాంతులు చేసుకుంటారు. కడుపులో పైత్యం వల్ల అనుకుంటారు చాలామంది. కాదు. మన చెవి లోపలి భాగంలో శరీరం ఎటు తిరుగుతోందో కనిపెట్టే యంత్రాంగం ఒకటుంది. కారు మెలికలు తిరుగుతోందని అది చెబుతుంటే, ఫోను మీదకు వంగిన కళ్ళు ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. అందుకని ఫోను తీసి దాచేయండి. వాంతులయ్యే మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డువైపు చూడమనండి. వట్టి కడుపుతో బయలుదేరకూడదు, పూరీలూ కూరా దట్టంగా తినీ బయలుదేరకూడదు. రెండిడ్లీలు చాలు. మాత్ర వేసుకోవాలనుకుంటే ఘాటు మొదలవడానికి అరగంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసిన మాత్ర వాంతిలోనే పోతుంది. కారు నడిపేవారు మాత్రం ఆ మాత్ర ముట్టుకోకూడదు, నిద్ర ముంచుకొస్తుంది.

"నాన్నగారికి గుండెజబ్బండీ, అంత ఎత్తుకి తీసుకెళ్ళవచ్చా?" అని అడుగుతారు. నిక్షేపంగా తీసుకెళ్ళవచ్చు. ఎత్తు వల్ల ఆయాసం, తలనొప్పి రావడం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మాట. అరకు అందులో సగం కూడా లేదు. అక్కడ పెద్దవాళ్ళని ఇబ్బందిపెట్టేది ఎత్తు కాదు, బొర్రా గుహల మెట్లు.

ఆ గుహలు తప్పకుండా చూడవలసినవి. సున్నపురాయిలోంచి నీరు చుక్క చుక్కగా కారి, కారిన చోటల్లా రాయి పేరుకుని, పైనుంచి దిగే స్తంభాలూ కింద నుంచి లేచే స్తంభాలూ ఏర్పడ్డాయి. ఈ పనికి లక్షల ఏళ్ళు పట్టింది. వాటిలో మనవాళ్ళకి శివుడు కనిపిస్తాడు, ఏనుగు కనిపిస్తుంది, తల్లీబిడ్డా కనిపిస్తారు. పై కన్నంలోంచి ఒక ఆవు గుహలో పడిందని, దాని పొదుగు నుంచి పుట్టింది గనకే కింద పారే యేటికి గోస్తని అని పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెబుతారు. గుహల పైనుంచే రైలు పోతుంది. అన్నీ బాగానే వున్నాయిగాని, దిగేటప్పుడు తెలియని మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తాయి. లోపల ఉక్కగా వుంటుంది, రాళ్ళు తడిగా వుంటాయి. గుండెజబ్బు వున్నవారు, మోకాళ్ళు అరిగినవారు కొంతవరకు దిగి, అక్కడే నిలబడి చూసి రావడం మంచిది. చివరిదాకా దిగిన మనవడు తాతగారికి ఎలాగూ కథంతా చెబుతాడు. గుండె నొప్పికి నాలిక కింద పెట్టుకునే మాత్రలు వాడేవారు వాటిని హోటల్ గదిలో సూట్‌కేసులో కాదు, చొక్కా జేబులో పెట్టుకోవాలి.

అనంతగిరి కొండల మీద కాఫీ తోటలు. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకివుంటాయి. ఇక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాలికొండ మలుపు దగ్గర ఆగి కిందకు చూస్తే, మబ్బు మన పాదాల కింద వుంటుంది. అరకు ఊళ్ళో గిరిజన మ్యూజియం, రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోట చూడండి. నన్నడిగితే వీటన్నిటికన్నా అందమైనవి టిక్కెట్టు లేనివే. కార్తీక మార్గశిరాల్లో లోయనిండా వలిసె చేలు పూస్తాయి. అంత పసుపు మరెక్కడా చూడలేదు. అయితే ఫోటోలకోసం చేలో దిగి తొక్కకండి. అది ఒకరి పంట.

చాపరాయి దగ్గర నీళ్ళు పలకల్లాంటి రాళ్ళ మీద జారుతూ పారుతాయి. పిల్లలకి అంతకంటె ఆట లేదు. నాచు పట్టిన రాయి మీద కాలు జారి చెయ్యి విరగ్గొట్టుకున్న వాళ్ళకు నేనే ఎన్నో కట్లు కట్టాను. కొండ వాగులకి ఇంకొక గుణం వుంది. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తుంటే పై కొండ మీద వాన కురుస్తుంది, నిమిషాల్లో నీరు పెరిగిపోతుంది. నీటి రంగు బురదగా మారిందంటే మరొక్క ఫోటో అనకుండా ఒడ్డుకి రండి.

బొంగులో చికెన్ తినవచ్చా అని కూడా అడుగుతారు. తినండి. నిప్పుల మీద బాగా ఉడికి, పొగలు కక్కుతూ బొంగులోంచి విస్తట్లో పడే మాంసం వల్ల మీకు విరేచనాలు పట్టవు. దాని పక్కన పెట్టే పచ్చి ఉల్లిపాయలు, బకెట్లో ముంచి ఇచ్చే నీళ్ళు, వాటితోనే భయం. తిన్నాక ప్లాస్టిక్ గ్లాసులు చెట్లకింద పారేసి రాకండి. వాటిలో నిలిచిన వాననీళ్ళు చాలు, డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి.

లంబసింగి కూడా వెళ్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. తట్టుకోలేక బొగ్గుల కుంపటి గదిలోకి, గుడారంలోకి తెచ్చుకుని తలుపులు బిగించుకుంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో రగ్గు కప్పుకోండి, కుంపటి మాత్రం బయటే వుంచండి. ఉబ్బసం వున్నవారు నెగడుకి దూరంగా కూర్చుని, పీల్చే మందు దగ్గర వుంచుకోవాలి.

ఇప్పుడు నేను స్వెట్టర్ల సలహాతో సరిపెట్టడం ఎందుకు మానేశానో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక ముప్ఫైయేళ్ళ ఉద్యోగి జ్వరంతో వచ్చాడు. మైదానంలో, మన్యానికి చాలా దూరంగా వున్న ఊరు మాది. జ్వరం, ఒళ్ళునొప్పులు, తలనొప్పి. ఊళ్ళో వైరల్ జ్వరాలు తిరుగుతున్నాయి. నాలిక చూశాను, గొట్టం పెట్టి ఛాతీ చూశాను, పారాసెటమాల్ రాసి పంపాను. నాలుగో రోజు రాత్రి అతన్ని ఆటోలో తీసుకొచ్చారు. కళ్ళు పచ్చబడ్డాయి, మాట తడబడుతోంది, భార్యను గుర్తుపట్టడం లేదు. కామెర్లు అనుకున్నాం, మెదడువాపు అనుకున్నాం. తెల్లవారుజామున వార్డులోకి వెళ్ళేసరికి అతని తల్లి ఫ్లాస్కులోంచి కాఫీ వంపి, "రాత్రంతా నిద్ర లేదు, కాస్త తాగండి బాబూ. అరకు కాఫీ, మొన్న వెళ్ళినప్పుడు తెచ్చాం" అంది.

నా చేతిలో గ్లాసు అలాగే వుండిపోయింది. "మొన్నంటే ఎప్పుడమ్మా?" అని అడిగాను. రెండు వారాలు దాటిందన్నారు. లెక్కవేస్తే, జ్వరం మొదలైంది తిరిగివచ్చిన పన్నెండో రోజున.

రక్తం గాజుపలక మీద పరిచి చూస్తే ఎర్ర కణాల్లో ఉంగరాల్లాగా ఫాల్సిపారం మలేరియా క్రిములు. పాతకాలంవారు మన్యపు జ్వరం అని భయపడింది దీనికే. మూడేళ్ళపాటు రోజూ చూసిన జబ్బు అది. అయినా ఆ మొదటి రోజున "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా?" అన్న ఒక్క ప్రశ్న నా నోట రాలేదు. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో అతను బతికాడు. పదకొండు రోజులు ఆస్పత్రిలో వుండి నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆ తల్లి ఇప్పటికీ నాకు దణ్ణం పెడుతుంది. ఆ దణ్ణం అందుకోవడం నాకు కష్టంగానే వుంటుంది.

మలేరియా క్రిమి దోమ ద్వారా వ్యాపిస్తుందన్న రహస్యం తేలింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. మన్యంలో ఇప్పుడు మలేరియా మునుపటి కంటె బాగా తగ్గింది. కాని పూర్తిగా పోలేదు. ఈ దోమ మురుగుకాలవలో పెరిగేది కాదు. స్వచ్ఛంగా, నెమ్మదిగా పారే వాగుల అంచుల్లో పెరుగుతుంది. మునిమాపు నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. అంటే సరిగ్గా మీరు నెగడు చుట్టూ కూర్చుని థింసా నాట్యం చూసే వేళకి బయలుదేరుతుందన్నమాట. ఆ వేళకి పిల్లలకి నిండు చేతుల చొక్కాలు, పొడుగు పంట్లాలు తొడగండి. బయటకు కనిపించే చోట దోమల క్రీము రాయండి. గదికి దోమతెర వుందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి, లేకపోతే మీదే ఒకటి పట్టుకెళ్ళండి. బాగా చలి ముదిరాక దోమల జోరు తగ్గుతుందిగాని, వానలు వెనకబట్టిన రోజుల్లో జాగ్రత్త ఎక్కువ కావాలి. గర్భిణులు ఆ రోజుల్లో ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. గర్భంతో వున్నప్పుడు మలేరియా తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

రాకుండా ముందే వేసుకునే మాత్రలు వున్నాయి. బయలుదేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగి వచ్చాక నాలుగు వారాలు వాడాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు పనికిరావు. కాబట్టి పక్కింటివారు చెప్పారని కొనుక్కోకుండా మీ డాక్టరు గారిని అడగండి.

తిరిగి వచ్చాక వారం రోజులు ఏమీ లేకపోతే గండం గడిచిందనుకోకండి. కుట్టిన దోమ క్రిమిని వదిలాక, అది కాలేయంలో పెరిగి రక్తంలోకి రావడానికి సాధారణంగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు, ఒక్కోసారి నెల కూడా పడుతుంది. వైవాక్స్ అనే రెండోరకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేస్తుంది. అందుకే దానికి పద్నాలుగు రోజుల మాత్రలిస్తాం. నాలుగో రోజుకి జ్వరం పోయిందని చాలామంది మిగతావి అలమరలో పడేస్తారు. పొదల్లో తిరిగినవారికి జ్వరంతో పాటు చంకలోనో, నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, సిగ్గుపడకుండా చూపించండి.

జ్వరం వస్తే డాక్టరు అడిగేదాకా ఆగవద్దు. "ఫలానా తేదీన అరకు వెళ్ళివచ్చామండీ" అని మీరే ముందు చెప్పండి. మలేరియా రక్తపరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పట్టీ మీద చుక్క రక్తం వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి.