పొడి డబ్బా ఎదురింటికి ఇచ్చేశాను

పర్ణశాల

నేస్తమా,

నువ్వు పంపిన డబ్బా అందింది. పైన పెద్దక్షరాలతో ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అని చూడగానే ఎదురింటి పిన్నిగారికి ఇచ్చేశాను. కోప్పడకే. నాకు ఆ శక్తి తక్కువై రాలేదు ఈ జబ్బు, అది దారి తప్పి వచ్చింది. కరెంటు తీగకు తొడుగున్నట్టు నరాలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. మనల్ని కాయాల్సిన తెల్లకణాలే మెదడులోకీ వెన్నుపాములోకీ దూరి, దాన్ని పరాయిదనుకుని పాడుచేస్తాయి. అక్కడ గట్టిపడ్డ మచ్చలు మిగులుతాయి. పేరు కూడా అందుకే, మల్టిపుల్ స్క్లెరోసిస్. పారిస్‌లో షార్కో 1868లోనే వివరంగా చెప్పాడట. నేనేమో కన్ను మసకబారితే కళ్లజోడు మార్పించుకొచ్చాను, గుర్తుందా?

ఇప్పుడు వారానికి మూడు సూదులు, నా చేత్తో నేనే. మందు గ్లాటిరమర్. ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ సంస్థవాళ్లు, సేలా, ఆర్నన్, టైటెల్‌బామ్, నాలుగు అమైనో ఆమ్లాలు కలిపి మైలిన్‌లోని ఒక ప్రొటీన్‌కు నకలు చేశారు. జంతువుల్లో ఇలాంటి జబ్బు పుట్టించి చూద్దామని! పుట్టలేదు సరికదా, ఉన్నది అణిగింది. ఇక్కడ మాయలేడి బొమ్మ ముందు నిలబడ్డప్పుడల్లా ఇదే తలపుకొస్తుంది. ఆ లేడి కాపలావాళ్లను పక్కకు లాగి కొంప ముంచింది. నా లేడి, తిక్కపుట్టిన కాపలావాళ్లను పక్కకు లాగి కొంప నిలబెడుతోంది. డాక్టరుగారికి చెబితే నవ్వి, “లాగడమే కాదమ్మా, కొన్నిటిని శాంతపరిచే కణాలుగా మారుస్తుంది” అన్నారు.

అమెరికాలో 1996లో వచ్చిన మందిది. మన హైదరాబాదు నాట్కో చేసిన జెనరిక్‌కు మైలాన్ ద్వారా 2017 అక్టోబరులో అక్కడ అనుమతి దొరికింది. ఆ ఏడే బీ కణాలనే ఒక రకం తెల్లకణాలను తుడిచిపెట్టే ఓక్రెలిజుమాబ్ కూడా వచ్చింది. నాకు మళ్లీ దాడి వస్తే అలాంటిదే చూద్దామంటున్నారు. ఏదైనా రాబోయే దాడులను తగ్గించేదే, పోయిన నరాన్ని తెచ్చేది కాదు.

వేసవిలో మాత్రం రావద్దు. ఒళ్లు వేడెక్కితే నా చూపు మళ్లీ మసకేస్తుంది, సీతవాగు దాకా కూడా నడవలేను. కార్తీకంలో రా. మందు ఫ్రిజ్‌లో ఉండాలి, బయటైతే నెల దాకా ఆగుతుంది కానీ 30 డిగ్రీలు దాటకూడదట. మన మే నెలకు చెప్పు ఆ మాట! పొడులొద్దు, ఒక మంచి ఐస్‌పెట్టె పట్టుకురా.

నీ నేస్తం