అసలు – నకలు

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజుల రికార్డు గది దాటి బయటికి రాదు. కావలసినవారికి నకలు మాత్రమే ఇస్తారు. జీవకణంలోని ఏర్పాటు కూడ ఇటువంటిదే. డి.ఎన్.ఏ. అసలు, ఆర్.ఎన్.ఏ. నకలు.

అసలు కణకేంద్రకంలో భద్రంగా ఉంటుంది. 1953లో వాట్సన్, క్రిక్‌లు దాని ఆకృతిని ప్రకటించారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ పరిశోధనలోని ఎక్స్-కిరణ చిత్రాలు అందుకు ఆధారమైనవి. అది మెలితిరిగిన నిచ్చెన వంటిది. ఎడినీన్‌తో థైమీన్, గ్వానీన్‌తో సైటోసీన్ జతగూడి మెట్లవుతాయి. ఈ నాలుగే దాని అక్షరాలు. రెండు పోగులూ ఒకదానికొకటి ఎదురు దిశలలో సాగుతాయి. ఎడమ నుండి తెలుగు, కుడి నుండి ఉర్దూ నడిచే మన సంచిక పాఠకులకు ఇది వింత కాదు. ఒక పోగు చేతనుంటే రెండవదానిని వ్రాసుకొనవచ్చును. కణవిభజనకు ముందు జరిగేది అదే.

నకలు సాధారణంగా ఒంటిపోగు. అవసరమైన పుటకు మాత్రమే దానిని తీస్తారు. అందులో థైమీన్‌కు బదులు యురాసిల్ ఉంటుంది. అది కేంద్రకం వెలుపలికి వచ్చి రైబోసోములను చేరుతుంది. అవి మూడేసి అక్షరాలను ఒక్కొక్క మాటగా చదివి, అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చి, మాంసకృత్తులను నిర్మిస్తాయి. మాటలు మొత్తం 64. వానిలో 3 వాక్యం ముగిసినదని తెలిపేవి. ఈ నిఘంటువును విప్పి చెప్పినందుకు ముల్తాన్ ప్రాంతపు పల్లెలో జన్మించిన హరగోవింద ఖొరానా, నీరెన్‌బర్గ్, హోలీలతో కలిసి 1968లో నోబెల్ బహుమతి పొందారు.

తెలుగు పాఠం చెప్పే మేము ఈ విషయం ఎత్తుకొనడానికి కారణం ఉన్నది. "మీకు తెలుగు ఎట్లా వచ్చిందండీ?" అని మమ్ము అడిగేవారు నేటికీ ఉన్నారు. భాష రక్తంలో ఉంటుందని వారి నమ్మకం కాబోలు. మానవుని డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరాల జతలున్నవి. ఏ ఇద్దరిని పోల్చి చూచినా అక్షరభేదం ఇంచుమించు వేయింటికి ఒకటి. పలుకగల కంఠాన్ని, నేర్వగల మెదడును అది ఇస్తుంది. ఏ భాష పలుకవలెనో మాత్రం అందులో వ్రాసి లేదు. అది తల్లి ఒడిలో, వీధిలో, బడిలో రావలసినదే.

"అసలు", "నకలు" అన్న మాటలనే చూడండి. అరబ్బీలో పుట్టి, కచేరీల వాడుకలో తెలుగునేలకు చేరి, నేడు ప్రతి రైతు నోటా పలుకుతున్నవి. ఏ జన్యువూ వానిని మోసుకొని రాలేదు.

విద్యార్థి మిత్రులారా! ఈ సంచికను ఏ చివర నుండి తెరచినా సరే, రెండు భాషలూ మీవే. నేర్చుకొనడమొక్కటే మీ వంతు.