రోలు అంచున ఊరు

"ఎడారి చూసేదానికి విమానం ఎక్కి పోవల్లనా? మన చేను కాడికి పోతే కనపడదా?" అంది మా ఇంటామె, నేను పెట్టె సర్దుకుంటుంటే.

అబద్ధమేం కాదు. మాది నంబులపూలకుంట. కదిరికి తూర్పున, వేరుశనగనీ ఆకాశాన్నీ నమ్ముకున్న మండలం. అయినా పోయాను. మావాడు ఇజ్రాయెల్‌లో, నెగెవ్ ఎడారిలోని స్దే బోకర్‌లో ఎడారి సేద్యం మీద పరిశోధన చేస్తున్నాడు. ఇది 2019 ఫిబ్రవరి నాటి మాట. అప్పటికి అక్కడ ఇంత యుద్ధం లేదు. చేతిసంచిలో ఇంకోటి కూడా పెట్టుకున్నాను. మాకు మిగిలిన మూడెకరాల అమ్మకం కాగితాలు. వాటికి వాడి సంతకం కావాలి.

ఒక శుక్రవారం పొద్దున బస్సెక్కించి మిట్జ్‌పే రామోన్ అనే ఊరికి తీసుకుపోయాడు. గంట కూడా పట్టలేదు. ఐదారు వేల మంది జనాభా ఉండే ఊరు. 1951లో ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఐలాత్‌కు రోడ్డు వేసే కూలీల కోసం గుడారాలు వేస్తే, అవే ఊరయ్యాయి. తర్వాత ఐలాత్‌కు ఇంకో దారి పడి బండ్లన్నీ అటు మళ్లాయి. అయినా ఊరు ఖాళీ కాలేదు. వీధుల్లో కొడవళ్లలాంటి కొమ్ములతో అడవిమేకలు తిరుగుతున్నాయి. ఒకటి ఎవరి ఇంటి ముందో గడ్డి మేస్తుంటే అదిలించిన వాళ్లే లేరు. మా ఊళ్లో అయితే ఈపాటికి రెండిళ్ల మధ్య పంచాయితీ అయ్యేది!

ఇళ్లు దాటి పది అడుగులు వేశామో లేదో, నేల అయిపోయింది. నిజంగానే అయిపోయింది. కాళ్ల ముందర సుమారు 500 మీటర్ల లోతు, 40 కిలోమీటర్ల పొడుగు. గండికోట చూసినవాళ్లు పెన్నా లోయను ఒకసారి తలుచుకోండి. దీని ముందు అది పిల్ల కాలువ. పైగా ఇక్కడ నది లేదు. ఎరుపు, పసుపు, నలుపు మట్టి గుట్టలు, మధ్యలో దారంలా ఒక రోడ్డు, అంతే.

"ఉల్క పడిందా రా?" అన్నాను.

"లేదు నాయనా. ఉల్క పడింది మన దేశంలో, లోణార్‌లో. దీన్ని నీళ్లు తవ్వినాయి."

పైన గట్టి సున్నపురాయి, కింద మెత్తటి ఇసుకరాయి. కొన్ని కోట్ల ఏళ్ల కింద నేల మూపురంలా లేచింది. ఆ మూపురం పైభాగం అరిగి, పగిలి, లోపలి మెత్తటిదంతా వాననీళ్లకు ఒకే సందులోంచి కొట్టుకుపోయింది. కజ్జికాయ మీద చిల్లు పడి లోపలి పూర్ణం కారిపోతే పెంకు మిగిలినట్టు. ఇట్లాంటి గుంటను హీబ్రూలో 'మఖ్తేష్' అంటారు, అంటే రోలు అని చెప్పాడు వాడు. ఆ మాట వినగానే అంతసేపూ పరాయిగా ఉన్న గుంట నాకు కొంచెం దగ్గరైంది.

అంచునే ఉన్న సందర్శకుల కేంద్రంలో ఇలాన్ రామోన్ జ్ఞాపకాలున్నాయి. కొలంబియా నౌకలో కల్పనా చావ్లాతో పాటు పోయిన ఇజ్రాయెల్ వ్యోమగామి ఆయన. 2003 ఫిబ్రవరి 1న అది కూలినప్పుడు నేను బడిలో పిల్లలతో మౌనం పాటింపజేశాను. ఆమె పేరొక్కటే చెప్పాను. మిగతా ఆరుగురి పేర్లు నాకూ తెలియవప్పుడు.

సాయంత్రం చలి. రాతి మీద కూర్చుని కాగితాలు తీశాను.

"ఇక్కడ ఏడాదికి వాన ఎంత?"

"పది సెంటీమీటర్లు కూడా పడదు."

మా పాత అనంతపురం జిల్లాకు 55 దాకా పడుతుంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. నాలుగు బోర్లు వేశాను, నాలుగూ ఎండాయి. కొంత నేల సోలార్ పార్కులో కలిసిపోయింది. అక్కడిప్పుడు మబ్బు రాకూడదని కోరుకునే పలకలున్నాయి.

"ఇక్కడి నీళ్లు ఆకాశం నుంచి రాలేదు నాయనా. ఉత్తరం నుంచి పైపుల్లో వచ్చినాయి. దేశంలో మురుగునీళ్లను కూడా 80 శాతానికి పైగా శుద్ధి చేసి సేద్యానికి తోలుతారు. మన చీనీ తోటల్లో కట్టే డ్రిప్పు కూడా ఈ నెగెవ్‌లోనే, హత్సెరిమ్ అనే ఊళ్లో 1965లో వ్యాపారంగా మొదలైంది. ఇదంతా ఒక్క రైతు చేసింది కాదు. ఒంటరిగా బోరేసి ఓడిపోయినావని నీ మీద నువ్వే కోపం తెచ్చుకోవద్దు." కొంచెం ఆగి అన్నాడు: "ఇక్కడ అందరికీ ఒకే తీరున నీళ్లు అందుతాయనీ అనుకోవద్దు. బెదూయిన్ల గుడారాల కాడికి పోతే వేరే కథ."

చీకటి పడింది. ఈ గుంటకు 2017లో 'చీకటి ఆకాశ ఉద్యానవనం' అని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ల నక్షత్రశాల 1971 నుంచి ఈ ఊరి పక్కనే ఉంది. అన్ని చుక్కలను నేను చిన్నప్పుడు కళ్లంలో పడుకున్నప్పుడు చూశాను. మళ్లీ అక్కడే చూశాను.

మావాడు ఫోన్ లైటు వేసి కాగితాలన్నీ చదివాడు. మడిచి తన కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఉగాదికి వస్తాలే. చేను చూసి చెప్తా."

ఇంటికొచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, "సంతకం పెట్టినాడా?"

"లేదు."

కాసేపు ఊరుకుంది. "అయితే విత్తనక్కాయలకు ఇప్పుడే చెప్పి పెట్టు. పోయినేడు మాదిరి ఆఖర్లో పరిగెత్తొద్దు" అంది.