ప్రశ్న రాసినవాడి పరీక్ష

పరీక్ష రాసేవాడి అవస్థల గురించి అందరూ చెబుతారు. ప్రశ్నలు రాసేవాడి అవస్థ ఎవరికీ పట్టదు. లినక్సులో హార్డువేరు పరికరాల నిర్వహణ అనే పాఠానికి, అదీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, ప్రశ్నపత్రం రాసే పని ఓసారి నామీద పడింది.

గంటలో ముగించాను. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండు ఏది? ఎల్ఎస్‌యూఎస్‌బీ. కెర్నెల్ ఇచ్చే సందేశాలు చూడాలంటే? డీమెసేజ్. పరికరాల ఫైళ్ళుండే డైరెక్టరీ? స్లాష్ డెవ్. పిల్లలు గడగడా రాసేశారు. ఒకబ్బాయికి ఇరవైకి ఇరవై. నాకు మహా సంతోషం.

వారం తిరక్కుండానే ఆ అబ్బాయే ల్యాబులో పెన్‌డ్రైవు మీదికి ఇన్‌స్టలేషన్ ఇమేజి రాయబోయి, డీడీ కమాండులో ఎస్‌డీబీ అని కొట్టాడు. ఆ పూట ఎస్‌డీబీ పెన్‌డ్రైవు కాదు, పక్కవాడి ప్రాజెక్టు ఉన్న రెండో డిస్కు. డీడీకి "నిజంగానేనా?" అని అడిగే అలవాటు లేదు. నెలల కష్టం నిమిషంలో పోయింది.

"పెన్‌డ్రైవంటే ఎస్‌డీబీనే గదా సార్, మీ నోట్సులో అట్లే ఉండాది" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

నిజమే, ఉంది. రాసింది నేనే.

ఆ ఆదివారం మనసు బాగాలేక ఒంటిమిట్ట కోదండరాముడి గుడికి పోయాను. వరసలో నా ముందు ఓ పిల్లవాడు, వాళ్ళ జేజి.

"జేజీ, హనుమంతుడు యాడుండాడు?"

"నువ్వే చూసి చెప్పు నాయనా."

వాడు మునివేళ్ళ మీద లేచి వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు ముగ్గురే. "లేడు జేజీ!" అన్నాడు ఆశ్చర్యంగా. రాముడి గుడి అంటే నలుగురని బట్టీ పట్టినవాడైతే చూడకుండానే నలుగురనేవాడు.

ఇంటికొచ్చి ప్రశ్నలన్నీ కొట్టేశాను. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి ఇంటిపేర్లు కావు. డిస్కులు కనబడిన వరసనుబట్టి కెర్నెల్ పెట్టే పేర్లు. మళ్ళీ ఆన్ చేస్తే తారుమారు కావచ్చు. అందుకే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో సాధారణంగా యూయూఐడీ రాస్తారు. ఇది చెప్పకుండా పేర్లడిగితే ఏం లాభం?

కొత్త ప్రశ్న ఇలా రాశాను: "ఎల్ఎస్‌బీఎల్‌కే చూపిన జాబితా ఇది. ఎస్‌డీఏ: 14.9జీ, ఆర్ఎం గడిలో 1. ఎస్‌డీబీ: 465.8జీ, ఆర్ఎం గడిలో 0, దాని రెండో భాగం రూట్‌గా మౌంటయి ఉంది. పెన్‌డ్రైవు ఏది? రెండు కారణాలు చెప్పండి. దాన్ని పీకేముందు ఏం చేయాలి?"

ఈసారి ఎవరికీ ఇరవై రాలేదు. ఆ అబ్బాయికి పద్నాలుగు. కారణాల కింద మాత్రం ఓ వాక్యం అదనంగా రాశాడు: "పేరు చూల్లేదు సార్, సైజు చూసినాను."

పోయిన ప్రాజెక్టు తిరిగి రాలేదు. ఇద్దరి పక్కనా కూర్చుని మళ్ళీ మొదటినుంచీ కట్టించాను. నా పరీక్షలో నాకొచ్చిన మార్కులెన్నో ఇంకా ఎవరూ వేయలేదు.