కొడుకా, గొడుగా?



శోళవరం చుట్టుపక్కల మన ఇళ్ళలో చాలామందికి తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు. తమిళ మీడియంలో చదివిన మేము అవ్వలు పాడిన పెళ్ళిపాటలు, నలుగు పాటలు తమిళ అక్షరాల్లోనే రాసి పెట్టుకున్నాం. ఆ నోటుబుక్కులను తెలుగు లిపిలోకి ఎలా తేవాలని కొందరు అడిగారు. రిటైరయ్యాక కూర్చుని నేర్చుకున్నంతవరకు చెబుతున్నాం.

కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. దాన్ని యూనికోడ్ అంటారు. తమిళ 'క' నంబరు 2965, తెలుగు 'క' నంబరు 3093. తేడా 128. 'మ'కూ అంతే, 'ల'కూ అంతే. మన దేశపు లిపులను ఒకే వరుసలో పేర్చారు కాబట్టి అలా కుదిరింది. అంటే తమిళ అక్షరం నంబరుకు 128 కలిపితే తెలుగు అక్షరం వస్తుంది. ఒక్కచోట జాగ్రత్త. తమిళంలో 'న'లు రెండు, తెలుగులో ఒకటే. తమిళంలోని రెండో 'న'కు 128 కలిపితే ఖాళీ గడి వస్తుంది. దాన్ని విడిగా మార్చుకోవాలి.

ఈ పనికి కొత్త కంప్యూటర్ కొననక్కర్లేదు. గూగుల్ కోలాబ్ ఉచితంగా దొరుకుతుంది. రాసేది మన ఇంటి తెర మీద, పని చేసేది ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్. రైల్వే రిజర్వేషన్ కూడా ఇలాంటిదే. కౌంటర్లో ఉండేది తెర, కీబోర్డు. సీట్ల లెక్కంతా దూరాన ఉన్న పెద్ద కేంద్రాల్లో ఉంటుంది. తేడా ఏమంటే, రైల్వే కంప్యూటర్ లెక్క దాచి పెడుతుంది, కోలాబ్ దాచదు. కనెక్షన్ తెగి కొంతసేపయితే అక్కడ ఉన్న ఫైళ్ళు పోతాయి. పని అయిన వెంటనే మన దగ్గరికి దించుకోండి.

ప్రోగ్రాం రాయడం రాదే అంటారా? జెమినై, చాట్‌జీపీటీ లాంటి ఏఐని తెలుగులోనే అడగవచ్చు. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే టైపు అవుతుంది. "ఇలా మార్చే పైథాన్ ప్రోగ్రాం రాయి, ఒక్కో వరుస ఏం చేస్తుందో చెప్పు" అని అడగండి. అర్థం కాని వరుసను నడపకండి. మొదట ఒక్క పాటకు నకలు తీసి, దాని మీదే చేసి చూడండి. ఆధార్, పెన్షన్ నంబరు, ఓటీపీ మాత్రం అక్కడ పెట్టవద్దు.

ఇక్కడికి యంత్రం పని అయింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ట–డ, త–ద, ప–బ కూడా అంతే. మన నోటుబుక్కులో కొడుకు, గొడుగు ఒకేలా ఉంటాయి. 128 కలిపితే రెండూ ఒకే మాట అవుతాయి. పాటలో గంప ఎత్తుకున్న ఆమె నెత్తిన కంప పడుతుంది!

ఏఐని అడిగితే వాక్యం చూసి చాలావరకు సరిచేస్తుంది. కానీ మన పక్క మాట దానికి తెలియకపోతే, పుస్తకాల తెలుగు మాట తెచ్చి పెడుతుంది. అర్థం ఉంటుంది, మన పాట పోతుంది. అందుకే "మాట మార్చవద్దు, అనుమానం ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టు" అని ముందే చెప్పండి. చెప్పినా వరుస వరుసా పోల్చి చూసుకోండి.

ఆ ప్రశ్న గుర్తులకు జవాబు చెప్పగలిగింది ఆ పాట చెవులారా విన్నవాళ్ళే. అలాంటివాళ్ళు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ళ తర్వాత నోటుబుక్కు ఉన్నా, పిల్లలు దాన్ని కంప అనే చదువుతారు.

కాబట్టి టైపు చేయడం తర్వాత. ముందు పేజీకి ఫోటో తీయండి. పేజీ నంబరు చెప్పి, పెద్దవాళ్ళ చేత ఆ పేజీ చదివించి ఫోన్లో రికార్డు చేయండి. ఫోటోకూ రికార్డుకూ ఒకే పేరు పెట్టండి. తెలుగు లిపి రాదని ఎవరూ వెనకాడవద్దు. మీరు చదివి వినిపిస్తే చాలు, మిగతాది పిల్లలతో కూర్చుని చేసుకుందాం.