మంత్రిగారి జవాబు వెతుక్కుంటూ కలకత్తాలో

రైటర్స్ బిల్డింగ్ వెనక సందులోకి మధ్యాహ్నం పూట అడుగు పెడితే ముక్కుకి ముందు తగిలేది ఆవనూనె వాసన. లయన్స్ రేంజ్ పొడుగునా ఫుట్‌పాత్ మీద భోజనాల బళ్లే. ఆఫీసుల నుంచి దిగినవాళ్లు నిలబడే తింటున్నారు. ఆ బళ్ల మధ్య ఏడో నెంబరు భవనం కలకత్తా స్టాక్ ఎక్స్ఛేంజ్. సంస్థ 1908లో మొదలైంది, ఈ భవనం 1928 నాటిది. అంతకుముందు ఇక్కడికి దగ్గర్లోనే ఒక వేపచెట్టు కింద దళారులు బేరాలాడేవారని చెబుతారు. 2013 నుంచి ఎక్స్ఛేంజ్‌లో వ్యాపారమే లేదు, సెబీ ఆపేసింది. గేటు దగ్గర కాపలాదారు మమ్మల్ని ఒకసారి చూసి మళ్లీ ఫోన్‌లో పడ్డాడు.

నాతో వచ్చిన పెద్దాయనది శ్రీకాకుళం జిల్లా. ఎల్లైసీలో గుమాస్తాగా చేరి, చిత్తరంజన్ ఎవెన్యూలోని హిందూస్థాన్ బిల్డింగ్‌లో చాలాకాలం పనిచేసి ఇక్కడే రిటైరయ్యారు. "ఈ సందు పేరు చెప్పే బాబూ, మా పాలసీదార్ల డబ్బు కోటీ పాతిక లక్షలు ఒకడి చేతిలో పోసింది" అన్నారు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికే అది పాత కథ. అయినా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ సీనియర్లు చెప్పేవారట.

ఆ ఒకడు హరిదాస్ ముంద్రా. బల్బులు అమ్ముకోవడంతో మొదలుపెట్టి, షేర్ల మీద షేర్లు కుదువపెట్టి, తెల్లదొరలు వదిలిపోతున్న కలకత్తా కంపెనీల్ని ఒక్కొక్కటే చేతిలో వేసుకున్న వ్యాపారి. 1957 నాటికి అప్పుల్లో పీకలదాకా మునిగాడు. ఆ జూన్‌లో, 245 బీమా సంస్థల్ని కలిపి పుట్టించిన ఎల్లైసీకి ఏడాది కూడా నిండకముందే, అతని ఆరు కంపెనీల షేర్లని అది కొనేసింది. జెస్సాప్, రిచర్డ్‌సన్ క్రడ్డాస్, స్మిత్ స్టానిస్ట్రీట్, ఆస్లర్ ల్యాంప్స్, ఏంజెలో బ్రదర్స్, బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్. పెట్టుబడుల కమిటీని అడగనే లేదు. కలకత్తా మార్కెట్ కూలిపోకుండా నిలబెట్టడానికే కొన్నామని తర్వాత అధికారులు చెప్పుకున్నారు. మార్కెట్‌ని నిలబెట్టాలంటే మార్కెట్లో కొనాలి కదా! ఈ సందులో బేరమాడకుండా నేరుగా ముంద్రా దగ్గరే కొన్నారు.

మర్నాడు అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీకి వెళ్లాను. ఒకప్పుడు గవర్నర్లు కాపురమున్న బెల్వెడేర్ తోటలోనే ఇప్పుడు భాషా భవన్ అనే కొత్త కట్టడంలో పుస్తకాలు ఉన్నాయి. లోక్‌సభ చర్చల సంపుటాలు కావాలని చీటీ రాసిచ్చి కూర్చున్నాను. వచ్చిన బైండు బరువుగా ఉంది. కాగితం అంచులు పసుపుదాటి గోధుమరంగులోకి దిగాయి, వేలు తగిలితే పొడి రాలుతోంది.

ప్రశ్నోత్తరాల పేజీలకి ఒక కట్టుబాటు ఉంటుంది. ప్రశ్న నెంబరు, నక్షత్రం గుర్తు ఉందో లేదో, అడిగిన సభ్యుల పేర్లు, తర్వాత ఫలానా శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా అన్న మర్యాద. ప్రశ్నని (ఎ), (బి), (సి) అని విడగొడతారు. జవాబూ అదే వరసలో, ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా వస్తుంది. మన శాసనసభలో "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనే మాట విన్నవాళ్లకి ఈ విద్య కొత్త కాదు. మంత్రి అబద్ధం ఆడనక్కర్లేదు. అడిగినదానికి మాత్రమే చెప్పి ఊరుకుంటే చాలు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి విలువంతా ఇక్కడే. దానికి మంత్రి నిలబడి నోటితో జవాబివ్వాలి, ఆపైన సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. మొదటి జవాబు గుమాస్తాలు రాసిస్తారు, రెండోదానికి మంత్రి సొంత బుర్ర పెట్టుకోవాలి.

ముంద్రా వ్యవహారం 1957 సెప్టెంబరులో ప్రశ్నగా సభలోకి వచ్చింది. రామ్ సుభగ్ సింగ్, ఫిరోజ్ గాంధీ పట్టుకున్నారు. సూటిగా జవాబు రాలేదు. నవంబరులో మళ్లీ అడిగారు. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ లేచి, ఇవాళ గట్టిగానే కొడతాను, తిరిగి కొడితే కాచుకుంటాను, అవతలివైపు టీఎన్‌టీ దండిగా ఉందని నాకు తెలుసు అనే ధోరణిలో మొదలుపెట్టారు. ఆర్థిక మంత్రి పేరు టీటీ కృష్ణమాచారి, టీటీకే అని పిలుపు. కాబట్టి ఆ పేలుడుమందు ఎవరో సభకి వివరించే పని లేకపోయింది. తరవాత మాత్రం చతుర్లు లేవు. ఏ షేరు ఏ ధరకి కొన్నారు, ఆ రోజు మార్కెట్లో ధర ఎంత, ఎవరికి లాభం వచ్చింది అన్నవి అంకెలతో నడిచాయి. మంత్రికీ ఆయన ప్రధాన కార్యదర్శికీ మధ్య నడిచిన ఉత్తరాలు కూడా ఫిరోజ్ గాంధీ చేతికి చిక్కాయి.

అప్పటి స్పీకర్ మనవారు, చిత్తూరు నుంచి ఎన్నికైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రశ్నించిన ఫిరోజ్ గాంధీ పాలకపక్ష సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకి స్వయానా అల్లుడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత చెప్పుకుంటాం. ఇక్కడ మామ ప్రభుత్వం చేసిన దానానికి అల్లుడు లెక్క అడిగాడు. ఇప్పుడు మన సభల్లో అధికారపక్షం వాళ్లు లేచేది మంత్రిగారిని పొగడటానికి వీలైన ప్రశ్న వేయడానికే.

ఈ కొనుగోలు మీద విచారణని బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాకి అప్పగించారు. ఆయన దాన్ని తలుపులు మూసి చేయలేదు. జనం హాల్లో పట్టకపోతే బయట లౌడ్‌స్పీకర్లు పెట్టించారు. 24 రోజుల్లో ముగించారు కూడా. ఇప్పటి మన కమిషన్లకి అన్ని రోజులు ఆఫీసు గది వెతుక్కోవడానికే చాలవు. మంత్రిగారు తనకి తెలియకుండా కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ చేశాడన్నారు, పటేల్ మంత్రికి చెప్పే చేశానన్నారు. చాగ్లా తేల్చిందేమంటే, కింద అధికారి చేసినదానికి రాజ్యాంగం ప్రకారం మంత్రిదే బాధ్యత, నాకు సంబంధం లేదంటే కుదరదు. 1958 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది, ఆ నెలలోనే టీటీకే రాజీనామా చేశారు. నివేదిక మీద సభలో చర్చ జరిగింది. నెహ్రూకి మంత్రి పోవడం ఇష్టంలేదు, కానీ నివేదికని పక్కన పెట్టే దారీ లేదు.

టీటీకే లంచం తిన్నారని ఎవరూ రుజువు చేయలేదు. ఆయన పోయింది జవాబు చెప్పిన తీరు వల్ల. మొదటి ప్రశ్నకే ఉన్నదున్నట్టు చెప్పి, పొరపాటు జరిగింది సరిదిద్దుతున్నాం అని ఉంటే, ఆయన కుర్చీకి ఢోకా ఉండేది కాదని నాకు అనిపిస్తుంది.

చివరికి డమ్‌డమ్ వెళ్లాను, నాగేర్‌బజార్ దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. జెస్సాప్ కార్ఖానా గోడ జెస్సోర్ రోడ్ పక్కన ఎంత పొడుగో! మా ఊళ్లో రోడ్డు వేసినప్పుడు వచ్చే రోలర్ మీద చదివిన పేరు ఇదే. రైలు వ్యాగన్లు, లోకల్ రైలు పెట్టెలు కూడా ఇక్కడే చేసేవారు. హౌరా వంతెన కట్టిన మూడు కంపెనీల కూటమిలో ఇదొకటి. ముంద్రా దెబ్బ తర్వాత 1958లో ప్రభుత్వం యాజమాన్యం తీసుకుంది, 1973లో జాతీయం చేసింది, 2003లో ప్రైవేటుకి అమ్మేసింది, పదేళ్లు తిరిగేసరికి మూతపడింది. 2016లో పశ్చిమ బెంగాల్ శాసనసభ దీన్ని స్వాధీనం చేసుకునేందుకు బిల్లు పాస్ చేసింది. నేను చూసిన గేటుకి తాళం ఉంది. గోడ పగుళ్లలో రావిమొక్కలు చేతిమందాన పెరిగాయి. పక్కన టీకొట్టు అతణ్ణి లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగితే, కాపలావాళ్లు ఉన్నారు, దొంగలు కూడా ఉంటారు అన్నాడు నవ్వుతూ.

టీటీకే 1962లో మళ్లీ కేంద్రమంత్రి అయ్యారు, 1963లో అదే ఆర్థిక శాఖ తిరిగి చేతికొచ్చింది. హెచ్.ఎం. పటేల్ 1977లో తానే ఆర్థిక మంత్రి అయ్యారు. ఫిరోజ్ గాంధీ 1960 సెప్టెంబరులో నలభై ఎనిమిది నిండకుండానే పోయారు. ఈ సంపుటాల కోసం మీరు కలకత్తా దాకా వెళ్లనక్కర్లేదు, పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. 1957 డిసెంబరు 16 నాటి చర్చ తెరిచి చదవండి. చదివాక, మీ ఎంపీగారు కిందటి సమావేశాల్లో ఏం అడిగారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో చూడండి. అక్కడ ఏమీ కనిపించకపోతే ఈసారి ఊరొచ్చినప్పుడు ఆయన్నే అడగండి.