వనభోజనమునకు వచ్చిన వృక్షవైద్యులు

కార్తికమాసమున వనభోజనము మనకు క్రొత్తది కాదు. ఉసిరిచెట్టు నీడను పొయ్యి పెట్టి, పూజచేసి, విస్తళ్లు వేసి, నాలుగిండ్లవారు కలిసి భుజించుట మన తల్లులనాటినుండి వచ్చుచున్నదే. కాని భోజనమునకు పిలువబడిన యతిథులు, అన్నమునకు ముందు చెట్టెక్కెదమనియు, మమ్ముగూడ నెక్కుమనియు కోరుట మాత్రము మా యింట నిదియే ప్రథమము. క్రిందటి కార్తికమున జరిగిన యా సంబరమును గూర్చి బంధువులు పలువురు అడుగుచున్నందున నిక్కడ వ్రాయుచున్నాము.

మేమనగా మహబూబునగరమునకు సమీపమున నొక పల్లెలోనున్న యుమ్మడి కుటుంబపు ఆడువారము. అత్తగారు, తోడికోడండ్రము ముగ్గురము, ఆడుబిడ్డ. మా మేనల్లుడు అమెరికాలో జార్జియా రాష్ట్రమున చెట్లకు వైద్యము చేయు పనిలో నున్నాడు. ఆ వృత్తివారిని అక్కడ ఆర్బరిస్టు లందురు. చెట్టు తెవులు కనిపెట్టుట, కొమ్మలను పద్ధతిగా కోయుట, ఇంటిమీద పడబోవు మ్రానును ముక్కముక్కగా దింపుట, నిలుపదగిన చెట్టును నిలుపుట వారి పని. "చెట్లకు వైద్యులేమిటే" యని మా అత్తగారు మొదట నవ్విరి గాని, మా పొరుగుననే యున్న పిల్లలమఱ్ఱికి జరిగిన చికిత్స జ్ఞప్తికి రాగా ఊరకుండిరి. సుమారు 3 ఎకరములలో ఊడలు దిగియున్న ఆ చెట్టు 700 ఏండ్లనాటిదని చెప్పుదురు. 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్దకొమ్మ యొకటి విరిగిపడగా, 2018లో ఆసుపత్రిలో రోగికి పెట్టినట్లు సెలైను సీసాలు వ్రేలాడదీసి, చెదలమందును చుక్కచుక్కగా మ్రానులోని కెక్కించిరి. ఆ వార్త పరదేశపు పత్రికలలోను పడినది. దానిని కన్నులార చూడవలెననియే మా మేనల్లుని స్నేహితులు నలుగురు, ఇద్దరు పురుషులును ఇద్దరు స్త్రీలును, మా ప్రాంతమునకు వచ్చిరి. వారిని భోజనమునకు పిలిచితిమి.

ఈ వృత్తివారికి చెట్టెక్కుట జీవనోపాధియేగాక వినోదముగూడ. పీటర్ జెంకిన్స్ అను నాయన, మొదట కొండరాళ్లెక్కువాడు, పిమ్మట చెట్లపనివాడైనవాడు, 1983లో అట్లాంటా నగరమున త్రాళ్లతో చెట్టెక్కు విద్యను సామాన్యజనులకు నేర్పుటకు ట్రీ క్లైంబర్స్ ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించెను. పనివారికైతే 1976లో సెయింట్ లూయిస్ నగరమున మొదలైన అంతర్జాతీయపు పోటీలే కలవు. చెట్టుమీద గాయపడి చిక్కినవానిని క్షేమముగా దింపుటయు ఆ పోటీలలో నొక పరీక్ష. వీరు ఏ యూరికి పోయినను, అచటివారు తమ యూరి మంచిచెట్టు నొకదానిని చూపి, కలిసి యెక్కి, కలిసి తినుట మర్యాదయని మేనల్లుడు ఫోనులో చెప్పెను. "అత్తా, వంట నీ యిష్టము, చెట్టు మాత్రము మంచిది చూపవలె" ననెను.

మంచి చెట్టనగా నేది? ఇక్కడనే మా యింట చిక్కు కలిగినది. తోపులో మామిళ్లు పొట్టివి. నేరేడు ఎత్తైనదే గాని దాని కొమ్మ నమ్మరాదు. మునగమాట చెప్పనక్కరలేదు, ఒకరిని పొగడి బోల్తాకొట్టించుటకు మునగచెట్టెక్కించుట యని మనవారు పేరుపెట్టినది దాని పెళుసుతనము చూచియే గదా. మిగిలినది తోపునడుమనున్న పెద్దచింత. అది మా మామగారి తాతగారినాటిది. దానినే మా బావగారు కట్టెల వర్తకునకు అమ్ముటకు నిశ్చయించి బేరము గూడ కుదిర్చియుండిరి. మొదట తొఱ్ఱ పడినది, లోపల డొల్ల, ఏనాటికో పాకమీద పడునని వారి భయము. భయము నిరాధారమని మేమనజాలము. పాకలో పసిపిల్లలు ఆడుకొందురు. కాని ఏటేట మా నాలుగిండ్లకును చాలినంత పులుపు ఆ చెట్టిచ్చినదే. అత్తగారు బావగారికి ఎదురాడలేదు, తినుటయు తగ్గించిరి. అతిథులకు ఈ చెట్టే చూపుదమని మేము తలచుటలో మా స్వార్థముగూడ కొంత కలదని దాచనేల?

వనభోజనమునకు ముందటిదినము సాయంకాలమే వారు వచ్చి చెట్టు చూచిరి. చూచుట యనగా మనము చూచునట్లు కాదు. అరగంటసేపు దానిని ముట్టకయే చుట్టును తిరిగిరి. దూరమునుండి తలను, దగ్గరనుండి మొదలును, నేలమీద పుట్టగొడుగులను, పైన తేనెపట్టులను, ఎఱ్ఱచీమల గూళ్లను, ఎండుకొమ్మలను పరికించిరి. అటుపిమ్మట కొయ్యసుత్తితో మ్రానంతయు తట్టి తట్టి వినిరి. కుండ కొనునప్పుడు మనము వ్రేలితో కొట్టి వినునట్లే. డొల్ల యున్నమాట నిజమేయనియు, దాని చుట్టును గట్టికలప మందముగా నున్నదనియు, తొఱ్ఱ యున్నంతమాత్రమున చెట్టు చచ్చినట్లు కాదనియు వారిలో పెద్దావిడ చెప్పెను. అమెరికాలో అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు (1930–2006) వేలకొలది చెట్లను రంపముతో నిలువున చీల్చి చూచి, 1977లో ఒక సిద్ధాంతమును ప్రకటించెనట. మన శరీరపు గాయము మానినచోట క్రొత్తచర్మము వచ్చును. చెట్టున కట్లు కాదు. కుళ్లినభాగము మరల బాగుపడదు. చెట్టు దానిచుట్టు గోడ కట్టి, వెలుపల క్రొత్తకలపను పెంచుకొనుచు పోవును. కావుననే కొమ్మ కోయునప్పుడు మ్రానునంటి చెక్కివేయక, కొమ్మమొదటనున్న ఉబ్బును విడిచి, దాని వెలుపల కోయవలెననియు, కోసినచోట తారు పూయుటవలన మేలు లేదనియు చెప్పిరి. పెరటిచెట్ల కొమ్మలు కొట్టించు సోదరీమణు లీ మాట గుర్తుంచుకొందురుగాక.

చెట్టునకు హాని చేయుచున్నది తొఱ్ఱ కాదు, మేము మోజుపడి కట్టించిన సిమెంటుతిన్నె యని తేలినది. వేళ్లు పాతాళమునకు పోవునని మనము తలచుకొందుము. నిజమునకు వానిలో పెక్కులు పైపై రెండుమూడడుగుల మట్టిలోనే, కొమ్మల కొసలు దాటి యెంతో దూరము పరచుకొని, అక్కడి గాలిని పీల్చి బ్రతుకునట. పాకవైపు వ్రాలిన యొక్క పెద్దకొమ్మ బరువు తగ్గించిన చాలునని తేల్చి, బావగారితో నొక గంట మాటలాడిరి. బావగారు మౌనముగా వినిరి. ఆ రాత్రి యేమియు చెప్పలేదు.

ఇక వంటసంగతి. కడుపునిండ తిని త్రాటికి వ్రేలాడరాదు గనుక ప్రొద్దున ఉప్మాయు కాఫీయు మాత్రమే. మధ్యాహ్నమునకు పులిహోర, గారెలు, బూరెలు, జొన్నరొట్టె, వంకాయకూర, పచ్చిపులుసు, పెరుగన్నము. పచ్చిపులుసు రుచిచూచి యిది దేనితో చేసితిరని యడిగిన యతిథికి తలయెత్తి చెట్టును చూపితిమి. ఆమె రెండవమారు పోయించుకొనెను. ఇంతకంటె వంటను గూర్చి వ్రాయుట యనవసరము.

ఎక్కు విధానము చెప్పెదము. అరకిలోకు తక్కువ బరువున్న చిన్నసంచికి సన్నని దారము కట్టి, తొడంత లావైన బలమైన కొమ్మమీదుగా విసరుదురు. మూడుమార్లు తప్పి నాలవమారు పడినది. పిల్లలు చప్పట్లు చరచిరి. ఆ దారముతో అరంగుళపు లావుగల త్రాటిని లాగుదురు. బెరడు ఒరయకుండ కొమ్మమీద తోలుగొట్టమువంటి దానిని తొడుగుదురు. ఇద్దరు పెద్దవారు త్రాటికి వ్రేలాడి పరీక్షింతురు. ఎక్కువారికి నడుమునకు, తొడలకు పట్టెడలు, తలకు శిరస్త్రాణము. త్రాటిమీద నొక ముడి యుండును. చేతితో త్రోసిన పైకి జరుగును, బరువు పడిన బిగిసికొనును. ఆస్ట్రియా దేశస్థుడు కార్ల్ ప్రూసిక్ 1931లో తెలిపిన ముడియు ఈ జాతిదే. బూట్లకు ఇనుపముళ్లు తగిలించుకొని బ్రతికియున్న చెట్టు నెక్కుట వీరికి నిషిద్ధము. ముల్లు దిగినచోటనెల్ల గాయమే. ఒకరు పైనుండగా ఆ క్రింద నెవ్వరును నిలువరాదను నియమమును పిల్లలచేత పాటింపజేయుటకు చెట్టుచుట్టు ముగ్గుపిండితో గిరి గీసితిమి. ఇది మా యుపాయమే. అతిథులు మెచ్చుకొనిరి.

స్త్రీ లెక్కవచ్చునా యను ప్రశ్న రానే వచ్చినది. చీరకట్టుతో తొడపట్టెడ లెట్లు వేసికొందురని అత్తగారు అడ్డుచెప్పిరి. అందుకు మా చేలో పనిచేయు అరువదేండ్ల యామె కలిగించుకొని, "గోచీ పెట్టుకుంటే ఏమైతది దొరసానీ, చిన్నప్పుడు మేము చింతపండు దులపడానికి ఎక్కలేదా" అనెను. గోచికట్టుతో అందరికంటె ముందు ఎక్కినదియు ఆమెయే. తరువాత మాలో ముగ్గుర మెక్కితిమి. ముప్పదియడుగుల యెత్తున ఆకులనడుమ కూరుచుండి చూచిన, మా పెరడు, మా బావి, మేము దినమెల్ల తిరుగు వంటయిల్లు అరచేతనున్నట్లు కనబడినవి. ఇంత చిన్నదియా యనిపించినది. చింతకొమ్మ గాలికి మెల్లగా నూగుచుండును. అట్లతద్దినాడు ఉయ్యాల లూగిన కోస్తావైపు సోదరీమణుల కా హాయి కొంత తెలియవచ్చును.

ఈ సందడిలో గిరికి వెలుపల నొకయామె మాటలేక నిలిచియుండెను. ఆమె గౌడులవాడనుండి మా యింటికి ఎల్లప్పుడును వచ్చునదే. పదునాలుగేండ్ల క్రిందట ఆమె భర్త తాడిచెట్టుపైనుండి పడి మరణించెను. కొడుకు నేడు అవే చెట్ల నెక్కుచున్నాడు. నడుమును చెట్టును కలిపి చుట్టు మోకు, పాదములకు గుజి, కత్తు లుంచుకొను ముస్తాదు, ఇవియే వారి పరికరములు. భోజనమునకు రమ్మని మేము చేయిపట్టగా ఆమె, "అమ్మా, ఆటకు ఎక్కెటోళ్లకు ఇన్ని తాళ్లు ఉన్నయి. బతుకుదెరువుకు ఎక్కెటోళ్లకు ఇన్నొద్దులు ఎందుకు రాలే?" యని యడిగెను. మాకు నోట మాట రాలేదు. మేనల్లుడు దానిని ఇంగ్లీషున చెప్పగా, నవ్వుచున్న యతిథులును మౌనము వహించిరి.

నిజమునకు త్రాళ్లు రాకపోలేదు. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య పేర గీతకార్మికులకు రక్షణపరికరములను పంచుట మొదలుపెట్టినది. కొడుకునకును అవి కలవు; చిలుకకొయ్యకు వ్రేలాడుచున్నవి. దినమునకు పదునైదు చెట్ల నెక్కువానికి అవి ఆలస్యమని యాతని మాట. అతిథులు ఆతనిని మెత్తగా నడిగి, ఎక్కి చూపుమనిరి. రెప్పపాటులో నెక్కెను. అతిథులలో చిన్నావిడ నోరు తెరచి చూచి, తా మెవరమును ఇంత వేగముగ నెక్కలేమని చెప్పెను. పిదప వారు గమనించిన దేమనగా, మ్రానుమీద మోకు కాపాడును. తలలోనికి చేరి మట్టలనడుమ మోకు సవరించుకొను క్షణముననే ఏ యాధారమును లేదు. తాడికి కొమ్మలు లేవు గనుక తమ పద్ధతి దానికి పనికిరాదనియు, రెండవపట్టెడ నొకదానిని మట్టల మొదళ్లచుట్టు తగిలించి, అటుపిమ్మటనే మోకు వదలవలెననియు చెప్పిరి. ఒకటి తగిలించక మరొకటి విప్పరాదు. దీనికి పట్టునది కొన్ని క్షణములే. కొడుకు రెండుమార్లు చేసి చూచి, "ఇది ఐతది" అనెను. తల్లి క్రిందనుండి, "మళ్లొక్కసారి చెయ్యి బిడ్డా" యనెను. మరల చేసెను. ఆవిడ మూడవమారు గూడ చేయించెను.

అతిథులు పోయి నాలుగునెలలైనది. ఆ కుఱ్ఱవాడు రెండవపట్టెడ వాడుచున్నాడు. అన్ని దినములు కాదని తల్లి మాకు చాడీలు చెప్పుచుండును. ఆతడు వాడని దినమున ఆమె అన్నము పెట్టదట. బావగారు వర్తకుని బయానా తిరిగి యిచ్చివేసిరి. పాకవైపు కొమ్మను చెప్పినరీతిగనే కోయించిరి. తిన్నెను పగులగొట్టుటకు మాత్రము మనసొప్పక ఒక నెల జాగుచేసి, తుదకు సంక్రాంతి వెళ్లిన మరునాడు గునపము పట్టిరి.

ఇక మిగిలినది ఉసిరిచెట్టు తగవు. చెట్టు మొదట నిప్పుచేసిన పైవేళ్లు కమలునని పెద్దావిడ చెప్పిపోయెను. పొయ్యి ఇరువదియడుగుల దూరము జరుపుదమని మేము, నీడలో వండనిది వనభోజన మెట్లగునని అత్తగారు. వచ్చు కార్తికమునకు ఇంక వ్యవధి కలదు. పొయ్యిమీద పందిరి వేయింతునని బావగారు అత్తగారితో రాయబారము జరుపుచున్నారు.